కక్షకు మొదలెక్కడ?

మూలవాక్యములు: యాకోబు 3:5, 4:1



పల్లెలలో తగవులు తీర్చుటకు కూర్చుండినప్పుడెల్ల మేమొక సంగతి గమనించుచున్నాము. ఈ తగవు ఎప్పుడు మొదలైనదని యడిగినయెడల ఇరుపక్షములవారును ఒకే దినమును చెప్పరు. ఒకడు నిరుటి కోతలనాటినుండి చెప్పును. రెండవవాడు, "అయ్యా, అంతకుముందు జరిగినది వినుడి" అని తండ్రుల కాలమునకు పోవును. ఎవరి కథయైనను ఎదుటివాడు చేసిన కీడుతోనే మొదలగును. తాను చేసిన కీడుతో తన కథను మొదలుపెట్టినవానిని మేమింకను చూడలేదు.

ఇది మన పల్లెలలో మాత్రమే ఉన్నది కాదు. పూర్వకాలమున గ్రేకులకును పారసీకులకును గొప్ప యుద్ధములు జరిగెను. వాటిని వ్రాసిన హెరోడోటస్ అను చరిత్రకారుడు క్రీ.పూ. 484 ప్రాంతమున, ఇప్పటి టర్కీ దేశపు పడమటి తీరమున పుట్టిన గ్రేకువాడు. ఈ రెండు జనములు ఎందుచేత పోరాడుకొనిరో తెలుపుటయే ఆయన గ్రంథపు ఉద్దేశము. ఎవరు ముందు తప్పుచేసిరని విచారించగా ఆయనకు దొరికిన జవాబు కూడ మనకు దొరకునట్టిదే. ఫేనీకే వర్తకులు గ్రేకుల కన్యకనొకతెను ఎత్తుకొనిపోయిరట. అందుకు బదులుగా గ్రేకులు తూరు రాజకుమార్తెను ఎత్తుకొనిపోయిరట. తరువాత మరియొక రాజకుమార్తె, ఆ తరువాత హెలెన అను స్త్రీ, ఆమె నిమిత్తము ట్రాయ్ పట్టణపు నాశనము. ఈలాగు ఒక లెక్కకు మరియొక లెక్క. హెరోడోటస్ ఆ పాతకథలు నిజమో కాదో తేల్చక, తానెరిగినంతలో గ్రేకులకు మొదట కీడు చేసినవాడు లుదియ రాజైన క్రీససు అని చెప్పి అక్కడనుండి చరిత్ర నారంభించెను.

మనమును అక్కడనుండియే చూతము. బైబిలు చదువువారికి ఈ జనములు క్రొత్తవి కావు. యూదులను చెరనుండి విడిపించిన కోరెషు పారసీకరాజు. ఎజ్రా గ్రంథములో దేవాలయపు పనికి సాయపడిన దర్యావేషు పారసీకరాజు. దానియేలు కాలమందలి మాదీయుడగు దర్యావేషు వేరు. ఎస్తేరును వివాహమాడిన అహష్వేరోషును గ్రేకులు జెర్‌క్సీసు అని పిలిచిరని పండితులలో ఎక్కువమంది యెంచుచున్నారు. ఆ తీరమున గ్రేకులు కాపురముండిన ఎఫెసు, మిలేతు పట్టణములును, వాటికి లోపలివైపున లుదియ రాజధానియైన సార్దీసును క్రొత్త నిబంధనలో మనము చదువు పేళ్లే. ఆ తీరమునకు యోనియా అని పేరు. యుద్ధము పుట్టినది అక్కడనే. అది ఒక్కదినమున పుట్టలేదు. నాలుగు మెట్లు ఎక్కి వచ్చినది.

1. తృణీకారము

క్రీససు యోనియా పట్టణములను లోబరచుకొని కప్పము పుచ్చుకొనెను. కోరెషు ఆ క్రీససుమీదికి వచ్చినప్పుడు, మీ యజమానుని విడిచి నాతో కలియుడని యోనియావారికి కబురంపెను. వారు కలియలేదు. క్రీ.పూ. 546 ప్రాంతమున సార్దీసు కోరెషు చేతికి చిక్కిన తరువాత, క్రీససు క్రింద ఉన్న షరతులతోనే మమ్మును ఏలుకొనుమని వారు దూతలను పంపిరి. కోరెషునకు కోపము వచ్చెను. ఒక్క మిలేతునకు మాత్రము మునుపటి షరతులనిచ్చి, తక్కిన పట్టణములను తన సేనాధిపతిచేత జయించెను. అప్పుడు సముద్రమునకు అవతలనున్న స్పార్టావారు దూతను పంపి, గ్రేకుల పట్టణములకు హాని చేయవద్దని కోరెషును హెచ్చరించిరి. ఈ స్పార్టావారెవరు, ఎంతమంది యుందురని కోరెషు పక్కవారినడిగెను.

క్రీ.పూ. 507 ప్రాంతమున ఏథెన్సువారు స్పార్టాకు భయపడి, పారసీకులతో స్నేహము కోరి సార్దీసునకు దూతలను పంపిరి. అక్కడి అధిపతి దర్యావేషు సహోదరుడైన అర్తఫెర్నెస్. ఆయనయు మొదట అడిగిన ప్రశ్న అదే: వీరెవరు, ఎక్కడివారు? మన్నును నీళ్లును ఇచ్చినయెడల స్నేహము దొరకునని ఆయన చెప్పెను. మన్నును నీళ్లును ఇచ్చుట యనగా మీకు లోబడితిమని ఒప్పుకొనుట. దూతలు సరేయని ఒప్పుకొని ఇంటికి వచ్చి చీవాట్లు తినిరి. వారు చేసిన ఒప్పందమును ఏథెన్సువారు లెక్కచేయలేదు. పారసీకులు మాత్రము మరచిపోలేదు. ఏథెన్సువారు క్రీ.పూ. 510లో వెళ్లగొట్టిన హిప్పియసు అను నిరంకుశుడు సార్దీసు చేరినప్పుడు, అతనిని తిరిగి చేర్చుకొనుడని అర్తఫెర్నెస్ ఆజ్ఞాపించెను. వారు ఒప్పుకొనలేదు.

ప్రియులారా, ఒకరినొకరు ఎరుగకమునుపే ఒకరినొకరు తక్కువచేసిరి. గొప్పవాడు చిన్నవానిని, నీవెవడవని యడిగెను. చిన్నవాడు భయముచేత మాటయిచ్చి, ధైర్యము వచ్చినప్పుడు తప్పెను. తప్పు ఒక్కవైపుననే లేదు.

2. ఒకని భయము

పారసీకులు యోనియా పట్టణములలో తమకు నమ్మకమైన ఒక్కొక్క గ్రేకు పెద్దను నియమించి, వారిద్వారా ఏలుచుండిరి. మిలేతు పెద్దయైన హిస్టియయసును దర్యావేషు గౌరవముతో షూషనులో తనయొద్ద నుంచుకొనెను. ఆ గౌరవము అతనికి చెరవలె నుండెను. అతని స్థానమున అల్లుడైన అరిస్టాగొరసు మిలేతును ఏలుచుండెను.

నక్సోసు అను ద్వీపమునుండి వెళ్లగొట్టబడిన ధనవంతులు కొందరు ఈ అరిస్టాగొరసునొద్దకు వచ్చి సహాయమడిగిరి. నక్సోసు తన చేతికి వచ్చునని అతడు ఆశపడెను. అర్తఫెర్నెస్ నొద్దకు పోయి 100 ఓడలడిగి, ఖర్చు నేను పెట్టుకొందునని చెప్పెను. రాజు సెలవుతో 200 ఓడలు దొరికెను. క్రీ.పూ. 499లో ఆ ఓడలు బయలుదేరెను. దారిలో ఒక ఓడకు కావలి లేదని పారసీక సేనాపతి ఆ ఓడ నాయకుని కట్టి శిక్షించగా, అతడు తన స్నేహితుడని అరిస్టాగొరసు విడిపించెను. సేనాపతితో పంతము పట్టెను. నాలుగు నెలలు ముట్టడించినను ద్వీపము లొంగలేదు. తెచ్చిన సొమ్ము అయిపోయెను.

ఇప్పుడు అరిస్టాగొరసు చేయవలసినదేమి? అర్తఫెర్నెస్ నొద్దకు పోయి, నా మాట పొల్లుపోయినది, క్షమించుమని చెప్పవలెను. అది చెప్పలేక, నా పదవి పోవునేమో, అప్పు మీద పడునేమో అని భయపడెను. ఆ సమయముననే షూషనునుండి హిస్టియయసు రహస్యముగా కబురంపెను. ఒక దాసుని తల గొరిగించి, తలమీద అక్షరములు పొడిపించి, వెండ్రుకలు పెరిగిన తరువాత పంపెనట. తిరుగబడుమని అందులోని సంగతి. తిరుగుబాటు జరిగినయెడల దానిని అణచుటకు తన్ను ఇంటికి పంపుదురని హిస్టియయసు ఆశ.

ఒకనికి అవమానభయము, మరియొకనికి ఇంటిమీది ఆశ. ప్రజలకు పైకి చెప్పినమాట స్వాతంత్ర్యము. నిరంకుశుల క్రింద నలిగిన ప్రజల కోరిక న్యాయమైనదే; ఆ కోరికను ఈ ఇద్దరు తమ అవసరమునకు వాడుకొనిరి. మనలోని ఆశలనుండియే పోరాటములు పుట్టునని యాకోబు చెప్పినమాట ఇక్కడ అక్షరాల నెరవేరినది. తన తప్పును కప్పుకొనుటకు ఊరినంతటిని తగవులోనికి ఈడ్చు మనుష్యులను మనమెరుగుదుము. కొన్నిసార్లు ఆ మనుష్యుడు మన అద్దములోనే కనబడును.

3. చిన్న నిప్పు

అరిస్టాగొరసు సహాయముకొరకు స్పార్టాకు పోయెను. లోకపు పటము చెక్కిన ఇత్తడి పలకను క్లియోమెనీసు రాజునకు చూపి, పారసీకుల ఐశ్వర్యమును వర్ణించెను. సముద్రమునుండి షూషను ఎంత దూరమని రాజడుగగా, మూడు నెలల ప్రయాణమని అతడు నిజము చెప్పివేసెను. రాజు పొమ్మనెను. అప్పుడు అతడు రాజు ఇంటికి పోయి లంచమియ్యజూచెను. 10 తలాంతులతో మొదలుపెట్టి 50 వరకు పెంచెను. ఎనిమిది తొమ్మిదేండ్ల రాజకుమార్తె గొర్గో అక్కడ నిలిచియుండి, తండ్రీ, నీవు లేచి పోనియెడల ఈ పరదేశి నిన్ను చెరుపునను భావముతో హెచ్చరించెను. తండ్రి లేచి వెళ్లెను. పెద్దలు తూగిపోవు సమయమున దేవుడు పసిబిడ్డలచేత కూడ బుద్ధి చెప్పించును.

ఏథెన్సులో అటువంటి బిడ్డ లేకపోయెను. అరిస్టాగొరసు మాటలు విని ఏథెన్సువారు 20 ఓడలు పంపిరి. ఎరెత్రియవారు 5 ఓడలు పంపిరి. ఆ ఓడలే ఉభయులకును కీడులకు ఆరంభమని హెరోడోటస్ వ్రాసెను.

క్రీ.పూ. 498లో గ్రేకులు ఎఫెసునొద్ద ఓడలు దిగి సార్దీసుమీదికి పోయిరి. ఆ పట్టణములో ఇండ్లు చాలవరకు రెల్లుతో కట్టినవి. ఇటుక ఇండ్లకును రెల్లుకప్పులే. ఒక సైనికుడు ఒక ఇంటికి నిప్పు పెట్టెను. ఒక్క ఇల్లే! గాలి ఆ నిప్పును ఇంటినుండి ఇంటికి చేర్చెను. పట్టణము కాలిపోయెను, అక్కడివారి దేవత గుడియు కాలిపోయెను. కప్పుటిండ్లలో కాపురముండు మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. వేసవిలో ఒక్క నిప్పురవ్వ పేటనంతటిని ఏమిచేయునో మన కన్నులు చూచినవి. చిన్న నిప్పు గొప్ప అడవిని తగులబెట్టునని యాకోబు నాలుకనుగూర్చి చెప్పినదియు ఇదే.

గ్రేకులు తిరిగిపోవుచుండగా ఎఫెసునొద్ద పారసీకులు వారిని ఓడించిరి. ఏథెన్సువారు ఓడలెక్కి ఇంటికి పోయి, మరల సహాయము చేయమని చెప్పివేసిరి. అరిస్టాగొరసు తాను రేపిన తగవును విడిచి ఉత్తరదేశమునకు పారిపోయి అక్కడ చంపబడెను. మిగిలినవారు నాలుగేండ్లు పోరాడిరి. క్రీ.పూ. 494లో మిలేతు పట్టుబడెను. మగవారిలో ఎక్కువమంది చంపబడిరి. స్త్రీలును పిల్లలును దాసులైరి. నిప్పు పెట్టినవారు వెళ్లిపోయిరి. కాలినది అక్కడ కాపురమున్నవారి ఇండ్లు.

4. మానని జ్ఞాపకము

ఇక్కడ ఒక ఆశ్చర్యమైన సంగతి యున్నది. దయచేసి శ్రద్ధగా చదువుడి. తిరుగుబాటు అణగిన తరువాత, క్రీ.పూ. 493లో, అర్తఫెర్నెస్ యోనియా పట్టణములవారిని పిలిపించి, మీలో మీరు కొల్లగొట్టుకొనక తగవులను న్యాయముచొప్పున తీర్చుకొనుడని ఒడంబడిక చేయించెను. వారి భూములను కొలిపించి, శిస్తును ఆ కొలతచొప్పున నిర్ణయించెను. అది మునుపటి శిస్తుకంటె మించలేదు. మరుసటి సంవత్సరము మర్దోనియసు అను పారసీక సేనాపతి వచ్చి, ఆ పట్టణములలోని నిరంకుశులను తీసివేసి, ప్రజలే తమ్మును ఏలుకొనునట్లు చేసెను. దేనికొరకు తిరుగబడితిమని ప్రజలు చెప్పిరో అది వారికి దొరికెను. అంత రక్తము చిందకమునుపే ఇయ్యగలిగినదానిని రక్తము చిందిన తరువాత ఇచ్చిరి.

మరి తగవు కారణము తీరినది గదా, యుద్ధము ఆగవలెను గదా? ఆగలేదు. ఏలయనగా సార్దీసు కాలినదని విన్న దినముననే దర్యావేషు, ఏథెన్సువారెవరని యడిగి, ఆకాశమువైపు బాణమొకటి వేసి, పగతీర్చుకొనునట్లు తన దేవుని వేడుకొనెనట. తరువాత ఒక సేవకుని నియమించి, తాను భోజనమునకు కూర్చుండినప్పుడెల్ల ఏథెన్సువారిని మరువవద్దని మూడుమారులు తనకు చెప్పుమని ఆజ్ఞాపించెనట. కారణము తీరినను జ్ఞాపకము తీరలేదు. రోజువారీ అన్నముతోపాటు పగను వడ్డించుకొని తినెను.

ఇదే దర్యావేషునుగూర్చి ఎజ్రా 6వ అధ్యాయము చూడుడి. యెరూషలేము దేవాలయమును కట్టుకొనుడని కోరెషు ఇచ్చిన మంచి ఆజ్ఞ ఎక్కడనున్నదో ఎవరికిని తెలియక, దస్తావేజుల కొట్టులలో వెదకించవలసివచ్చెను. ఎస్తేరు 6వ అధ్యాయము చూడుడి. రాజు ప్రాణమును కాపాడిన మొర్దెకై ఉపకారము గ్రంథములో వ్రాయబడి మరువబడెను. రాజునకు నిద్రపట్టని ఒక రాత్రి అది బయటపడెను. మేలు దస్తావేజులో పడియుండును, వెదకినగాని దొరకదు. కీడునకు మాత్రము మూడుపూటలు గుర్తుచేయు సేవకుడుండును. ప్రియులారా, ఆ సేవకుడు షూషను కోటలోనే యుండెనా? మన ఇండ్లలో లేడా?

ఆ జ్ఞాపకపు ఫలమును క్లుప్తముగా చెప్పుదుము. క్రీ.పూ. 491లో దర్యావేషు దూతలు మన్నును నీళ్లును అడుగగా, ఏథెన్సువారు వారిని గోతిలోను, స్పార్టావారు బావిలోను త్రోసి, అక్కడనే తీసికొనుడని పరిహసించిరి. క్రీ.పూ. 490లో పారసీకులు ఎరెత్రియను కాల్చిరి. మారథాను మైదానమున ఓడిపోయిరి. అక్కడ పారసీకులు 6,400 మందియు ఏథెన్సువారు 192 మందియు చచ్చిరని హెరోడోటస్ లెక్క. దర్యావేషు క్రీ.పూ. 486లో చనిపోయెను, పగ చనిపోలేదు. కుమారుడైన జెర్‌క్సీసు క్రీ.పూ. 480లో వచ్చి ఏథెన్సును కాల్చెను. ఆ తరువాత క్రీ.పూ. 330లో మాసిదోనియవాడైన అలెగ్జాండరు పారసీకుల పెర్సెపోలిసు నగరును కాల్చి, ఏథెన్సు కాలినందుకు ఇది బదులనెను. సార్దీసులో ఒక ఇంటికి నిప్పు పెట్టి అప్పటికి 168 సంవత్సరములు. ఆ ఇంటివాడెవడో, ఆ సైనికుడెవడో ఎరిగినవారు అప్పటికి ఒక్కరును బ్రదికి లేరు.

ప్రియులారా, మా పరిచర్యలో జరిగిన ఒక సంగతి సిగ్గుతో చెప్పుకొనుచున్నాము. ఒక సంఘములో అన్నదమ్ములిద్దరికి పొలముగట్టు విషయమై తగవుండెను. సర్వేయరు వచ్చి కొలిచి హద్దురాయి పాతించెను. ఇద్దరును ఒప్పుకొనిరి. అయినను మాటలు లేవు. తండ్రి దినమందు అన్న ఆడిన ఒక మాటను తమ్ముడు మరువలేదు. ఒకడు గుడిలో కుడివైపున, ఒకడు ఎడమవైపున కూర్చుండెడివారు. అన్న జబ్బుపడినప్పుడు తమ్మునితో మాటలాడుదమని తలంచితిమి. కోతలు కానిమ్మని ఆలస్యము చేసితిమి. కోతలు ముగియకమునుపే అన్న కన్నుమూసెను. తమ్ముడు సమాధియొద్ద నిలిచి ఏడ్చిన యేడ్పు మా చెవులలో ఇంకను ఉన్నది. ఆ గట్టు ఎవరిదని ఆ దినమున ఎవరును అడుగలేదు. భూమి కొలిచినంతమాత్రమున పగ కొలతకు రాదు. హద్దురాయి పొలములో పాతవచ్చును. హృదయములో పని చేయువాడు ప్రభువు ఒక్కడే.

ఆ ప్రభువు ఏమి చేసెను? పెంతెకొస్తు దినమున యెరూషలేములో కూడినవారి పేళ్లు అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయములో చదువుడి. మాదీయులున్నారు, షూషను ఉన్న ఏలాము దేశస్థులున్నారు, సార్దీసు, ఎఫెసు, మిలేతు ఉన్న ఆసియవారున్నారు. ఆ దేశములనుండి వచ్చినవారు ఒక్కచోట నిలిచి, ఒక్క సువార్తను తమ తమ భాషలలో వినిరి. ఏథెన్సులో పౌలు నిలిచి, దేవుడు సకల జనములను ఒకనినుండియే పుట్టించెనని బోధించెను. మీరెవరని హేళనగా అడిగిన లోకమునకు అది జవాబు. మిలేతులో పౌలు సంఘపెద్దలతో మోకాళ్లూని ప్రార్థించెను. కాలిపోయిన సార్దీసులోనే తరువాత ఒక సంఘము పుట్టెను. ఆ సంఘమునకు ప్రభువు వ్రాయించిన పత్రికలో కూడ జ్ఞాపకము చేసికొనుమను ఆజ్ఞ యున్నది. అయితే శత్రువును కాదు, తాము పొందిన సువార్తను.

దర్యావేషు బల్లయొద్ద ఒక జ్ఞాపకముండెను. మన ప్రభువు బల్లయొద్ద వేరొక జ్ఞాపకమున్నది. రొట్టెయు పాత్రయు చేతికి వచ్చినప్పుడు మనము జ్ఞాపకము చేసికొనవలసినది మనకు కీడుచేసినవానిని కాదు. మనము కీడుచేయగా మనకొరకు ప్రాణము పెట్టినవానిని. మన పాపములను ఇక జ్ఞాపకము చేసికొననని యిర్మీయాద్వారా దేవుడు వాగ్దానము చేసెను. సమస్తము ఎరిగిన దేవుడు మరువ నిశ్చయించుకొనగా, నిన్నటి భోజనము మరచిపోవు మనము ఇరువదియేండ్లనాటి మాటను ఏల కాపాడుకొనుచున్నాము?

మత్తయి సువార్త 5:23, 24 వచనములను ఈ మాసమందు ఇంటింట చదువుడి. అర్పణము తెచ్చినవాడు తన సహోదరునిమీద తనకున్న ఫిర్యాదును తలంచుకొనుమని ప్రభువు చెప్పలేదు. సహోదరునికి తనమీదనున్న ఫిర్యాదును తలంచుకొని, ముందు పోయి సమాధానపడుమని చెప్పెను. కథను తన తప్పుతో మొదలుపెట్టువానిని మేము చూడలేదని మొదట వ్రాసితిమి. ప్రభువు మనలను అట్టివారినిగా చేయగోరుచున్నాడు. రాబోవు ప్రభువు బల్లకు ముందు మనలో ఒక్కడైనను లేచి, సహోదరుని గడప తొక్కి, "మొదలు నాదగ్గరనే ఉన్నది" అని చెప్పినయెడల, ఒక నిప్పు అక్కడనే ఆరిపోవును. కోతలయ్యేవరకు ఆగవద్దు.

ప్రార్థన: సమాధానకర్తవగు దేవా, మా భోజనముల యొద్ద పగను గుర్తుచేయు స్వరమును మాన్పుము. మేము మరచిన మేళ్లను వెదకి తీయుము. మా తప్పు మాకు ముందు కనబడునట్లు కన్నులు తెరువుము. ఆలస్యము కాకమునుపే మమ్మును మా సహోదరులయొద్దకు నడిపించుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.